బుట్ట ఖాళీ అయ్యాకే అంటు గుర్తొచ్చింది!

ఆకలేసినప్పుడు అంటు లేదు. కడుపు నిండాక అంటు వచ్చిపడింది. ఇది మన పల్లె సంగతి కాదు, అసలు ఈ దేశం సంగతే కాదు. ఫ్రాన్సు దేశంలో 1870లో, ప్రష్యా సైన్యం వచ్చి ఊళ్ళకి ఊళ్ళు ఆక్రమించుకున్న రోజుల్లో, ఒక గుర్రబ్బండిలో జరిగినట్టుగా మొపాసా రాసిన కథ. 1880లో అచ్చయింది. దాన్ని 1934లో సోవియట్ రష్యాలో మిహాయిల్ రోమ్ అనే ఆయన సినిమాగా తీశాడు. ఆయనకి అదే మొదటి సినిమా. మూగ సినిమా. మన తెలుగు భక్త ప్రహ్లాదుడు 1932లోనే తెర మీద నోరు విప్పి పద్యాలు పాడేశాడు, రష్యావాళ్ళ ఈ బొమ్మ మాత్రం రెండేళ్ళ తర్వాత కూడా మూగదే. అన్నలారా, అక్కలారా, ఎక్కడో ఫ్రాన్సు కథ, రష్యా బొమ్మ, దానికి మన పత్రికలో ఇన్ని పేజీలెందుకని ఇప్పుడే విసుక్కోకండి. చదివినాక తిట్టండి.

మొన్న ఎండాకాలం మా పల్లెలో చర్చి గోడకి తెల్ల దుప్పటి కట్టి ఈ బొమ్మ వేశాం. ఒక కుర్రాడి ల్యాప్‌టాపు, అద్దెకి తెచ్చిన ప్రొజెక్టరు. మధ్య మధ్యలో తెర మీద రాతలు పడతాయి గదా, వాటిని డిగ్రీ చదివే పిల్ల ఇంగ్లీషులో చదువుకుని తెలుగులో గట్టిగా అరిచి చెప్పింది. మాటల్లేని సినిమా అంటే జనం లేచిపోతారని భయపడ్డాం. ఒక్కరూ లేవలేదు. తిండి బుట్ట తెరిచిన సీను దగ్గర ఆడవాళ్ళ వైపు నుంచి ఒకటే గోల. బొమ్మ అయ్యాక గంటన్నర సేపు కొట్లాట. 

ఆ కొట్లాటలో మనవాడే ఒకడు, చదువుకున్నవాడు, కార్యకర్త, లేచి నిలబడి ఏమన్నాడంటే – "ఆమె త్యాగమూర్తి. పదిమంది కోసం తన్ను తాను అర్పించుకుంది. ఉద్యమం కోసం మనం కూడా అలాంటి త్యాగాలకి సిద్ధపడాలి." కొందరు చప్పట్లు కూడా కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. ఆ రాత్రి చెప్పాల్సినంత చెప్పలేకపోయాను, కరెంటు పోయింది. ఇప్పుడు చెప్తున్నాను. కథ చదివాను, బొమ్మ చూశాను, రెండూ కలిపే మాట్లాడతాను. కొన్ని వివరాలు కథలో విడమరిచి ఉంటాయి, బొమ్మలో మొహాల మీదే చూసుకోవాలి.

ముందు ఆ బండిలో ఎవరెవరు కూర్చున్నారో చూడండి. రూవాన్ పట్నాన్ని శత్రువు పట్టుకున్నాడు. డబ్బున్నవాళ్ళు, పరపతి ఉన్నవాళ్ళు శత్రు అధికారుల్నే బతిమాలి, ప్రయాణానికి అనుమతి కాగితాలు సంపాదించి, సముద్రం ఒడ్డున ఉన్న దియెప్ వైపు బయల్దేరారు. దేశం కోసం కాదు. వ్యాపారాలు ఆగిపోతున్నాయని. మొత్తం పదిమంది. లువాజో అని ఒక సారా వర్తకుడు, కల్తీ సరుకు అమ్మి పైకొచ్చినవాడు. వాడి పెళ్ళాం, పైసా పైసా లెక్కపెట్టే మనిషి. మూడు నూలు మిల్లులున్న కారే లమడాన్ అనే షావుకారు, అతని భార్య. ద బ్రెవిల్ అనే జమీందారు, అంటే వాళ్ళ భాషలో కౌంటు, ఆయన దొరసాని. ఇద్దరు క్రైస్తవ సన్యాసినులు. కోర్నుదే అని ఒక ప్రజాస్వామ్యవాది, మనకి బాగా తెలిసిన రకం, వాడి సంగతి తర్వాత చెప్తా. పదో మనిషి ఒక వేశ్య.

ఆమె పేరు ఎలిజబెత్ రూసే. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కథకి ఆ పేరు లేదు. కథ పేరు ఫ్రెంచిలో 'బూల్ ద స్యుఫ్'. అంటే కొవ్వు ముద్ద. బొద్దుగా ఉంటుందని జనం పెట్టిన ఎగతాళి పేరు. రష్యావాళ్ళు దాన్ని 'పిష్కా' అన్నారు, అంటే పొంగిన బన్నురొట్టె. పేరు పెట్టటంలోనే తినటం మొదలైంది చూశారా! మొపాసా గొప్ప రచయిత, కాదనను. ఆ పెద్దమనుషుల బండారం ఆయన బయటపెట్టినట్టు ఇంకొకరు పెట్టలేరు. కానీ ఆయన కూడా ఆమె వేళ్ళని వర్ణించాల్సి వస్తే మాంసం కూరిన పేగు ముక్కలతో పోల్చాడు, మొహాన్ని ఎర్రటి ఆపిల్ పండుతో పోల్చాడు. దొరసానుల్ని వర్ణించేటప్పుడు ఆయనకి తినే వస్తువులు గుర్తుకురాలేదు. మన ఆడవాళ్ళకి ఊరు పెట్టే పేర్లు, కవులు రాసే వర్ణనలు మనకి తెలియనివా? అందుకే నేను ఆమెని ఎలిజబెత్ అనే అంటాను.

ఇంకో సంగతి. ఈ పదిమందిలో శత్రువు మీద చెయ్యెత్తిన మనిషి ఆమె ఒక్కతే. తన ఇంట్లో మకాం పెట్టటానికి వచ్చిన ప్రష్యా సిపాయి గొంతు పట్టుకుంది. అందుకే ఊరొదిలి పారిపోవాల్సి వచ్చింది. మిగతావాళ్ళు శత్రువుకి అన్నం పెట్టి, సలాం కొట్టి, కాగితం తీసుకుని వచ్చారు. దేశభక్తి గురించి బండిలో ఉపన్యాసాలిచ్చింది మాత్రం వీళ్ళే.

చీకటితో బయల్దేరారు. మంచు. గుర్రాలు కదలవు. దారిలో పూటకూళ్ళ ఇల్లు లేదు, రొట్టె ముక్క దొరకదు. మధ్యాహ్నం దాటింది. పెద్దమనుషుల పేగులు అరుస్తున్నాయి. అప్పటిదాకా ఆ ముగ్గురు ఇల్లాళ్ళు ఒక జట్టు కట్టి, ఎలిజబెత్‌కి వినపడేట్టుగానే చెవులు కొరుక్కున్నారు. లువాజోగాడు ఒక హాస్యం కూడా ఆడాడు, ఓడలో తిండి అయిపోతే అందరికన్నా లావుగా ఉన్నవాళ్ళని కోసుకు తిన్నారట, మనమూ అట్లా చేద్దామా అని. నవ్వులు. ఈ హాస్యాన్ని మర్చిపోవద్దు.

మూడు గంటల వేళ ఎలిజబెత్ కూర్చున్న బల్ల కింద నుంచి బుట్ట తీసింది. తెల్ల గుడ్డ కప్పిన పెద్ద బుట్ట. ముక్కలు కోసి పెట్టిన రెండు కోళ్ళు, పిండివంటలు, పళ్ళు, నాలుగు సీసాల ద్రాక్షసారా. మూడు రోజులు దారిలో ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా తినాలని కట్టుకొచ్చుకుంది. ఊళ్ళో హోటలు మెట్లెక్కితే ఏమంటారో తెలిసిన మనిషి మూట కట్టుకునే పోతుంది. మన అమ్మలు రైలెక్కినా, ఆస్పత్రికి పోయినా సద్ది కట్టుకోవటం ఎందుకు నేర్చుకున్నారో మనకి తెలుసు.

ఇక్కడ రోమ్ కెమెరాని చూడండి. మాటల్లేవు కాబట్టి మొహాలే మాట్లాడాలి. ముక్కులు ఎగరటం, దవడలు బిగుసుకోవటం, గుటకలు మింగటం. లువాజో పెళ్ళాంగా వేసిన ఫైనా రనేవ్‌స్కయా తర్వాత్తర్వాత ఆ దేశంలో ఇంటింటికీ తెలిసిన నటి అయింది, ఇది ఆమెకి మొదటి సినిమా. ఆ ఆకలి మొహం, అదే సమయంలో అసహ్యం మొహం, రెండూ ఒకే మొహం మీద! ఎలిజబెత్‌గా వేసిన గలీనా సెర్గేయెవా మొహంలో మాత్రం సిగ్గు. తన తిండి తను తింటానికి సిగ్గుపడుతోంది, పక్కవాళ్ళు పస్తున్నారని.

అందరికంటే ముందు పెట్టమని చెయ్యి చాచింది ఎవరు? ఆమెని కోసుకు తిందామని హాస్యమాడిన లువాజో. తర్వాత సన్యాసినులు, కళ్ళెత్తకుండా గబగబా. తర్వాత ప్రజాస్వామ్యవాది. లువాజో పెళ్ళాం కాసేపు బెట్టు చేసి కలిసింది. షావుకారు పెళ్ళాం ఆకలితో సొమ్మసిల్లిపోతే, సన్యాసిని ఆమె నోట్లో ఎలిజబెత్ తెచ్చిన సారాయే పోసింది. అప్పుడిక జమీందారు గొంతు సవరించుకుని, మహా ఉపకారం చేస్తున్నట్టు మొహం పెట్టి, మేమూ స్వీకరిస్తాం అన్నాడు. స్వీకరిస్తాడట! అడుక్కుతినేవాడు కూడా అడుక్కుంటున్నాననే చెప్తాడు. జమీందారు అడుక్కుంటే అది స్వీకరించటం అవుతుంది. బుట్ట ఖాళీ అయింది. తింటూ ఉండగా ఆమెతో మాట్లాడకుండా ఉంటే బాగుండదు గదా, మాట్లాడారు. నోటి నిండా ముద్ద ఉన్నంతసేపు ఆమె "మేడమ్" అయింది.

ఈ సీను దగ్గరే మా పల్లెలో గోల లేచింది. ఒక ముసలావిడ, ఎనభై దాటి ఉంటాయి, గట్టిగా అంది – "తింటన్నారు సూడండే! మా చేతి నాటు వరి తింటారు, మా చేతి గ్లాసు తాగరు." టీ హోటళ్ళలో మనకి వేరే గ్లాసు పెట్టి, మనమే కడిగి బోర్లించి పోవాలన్న రోజులు ఆమెకి కథ కాదు. ఫ్రాన్సులో కులం లేదు గదా అని ఎవరో అన్నారు. నిజమే, లేదు. వేశ్యకి పుట్టిన బిడ్డ పుట్టుకతోనే వేశ్య అని వాళ్ళ శాస్త్రంలో రాసుకోలేదు. మన దగ్గర పసిపిల్లని దేవుడికిచ్చి పెళ్ళి చేసి ఊరి ఉమ్మడి సొత్తు చేసే జోగిని ఆచారం ఉంది, దాన్ని నిషేధించటానికి 1988లో చట్టం చెయ్యాల్సి వచ్చింది. ఆ తేడా తేడానే. కానీ అవసరం వచ్చినప్పుడు అంటు గడప దాటి బయటికెళ్ళి, అవసరం తీరాక మళ్ళీ లోపలికొచ్చి కూర్చునే పద్ధతి ఉందే, అది మాత్రం రెండు చోట్లా ఒకటే.

బండి రాత్రికి తోత్ అనే ఊరు చేరింది. పూటకూళ్ళ ఇంట్లో దిగారు. అక్కడ ప్రష్యా అధికారి మకాం ఉన్నాడు. భోజనాలకి కూర్చుంటూ ఉండగా ఇంటి యజమాని వచ్చి అడిగాడు – ఎలిజబెత్ రూసే గారు ఎవరండీ, అధికారి పిలుస్తున్నాడు. ఆమె అసలు పేరు ఆ పెద్దల మధ్య మొదటిసారి వినపడింది ఇక్కడే. తిండి పెట్టినప్పుడు అడగని పేరు, సమన్లు వచ్చినప్పుడు బయటికొచ్చింది. మన పేర్లు కూడా పూర్తిగా, ఇంటిపేరుతో సహా, పోలీస్ స్టేషన్లోనే గదా వినపడతాయి!

అధికారి అడిగిందేమిటో చెప్పక్కర్లేదు. ఆమె ఛీ కొట్టింది. ఒళ్ళు అమ్ముకునే మనిషే, కానీ దేశాన్ని తొక్కినవాడి కింద పడుకోను అంది. ఆ మాట అనటానికి ఆమెకి హక్కు ఉందా లేదా, ఇదే అసలు ప్రశ్న. తెల్లారితే బండి కట్టలేదు. ఆమె ఒప్పుకునేదాకా బండి కదలదని అధికారి హుకుం.

ఇక్కడి నుంచి కొంచెం నిదానంగా చదవండి. మొదటి రోజు అందరికీ ఆగ్రహం. ఎంత దుర్మార్గం! ఎంత అవమానం! తమని ఒక్కొక్కరినీ అవమానించినట్టు ఊగిపోయారు. ఆడవాళ్ళు ఆమెని ఓదార్చారు. రెండో రోజుకి ఆగ్రహం చల్లబడి విసుగైంది. రాత్రిపూట ఎవరికీ తెలియకుండా పోయి పని కానిచ్చి రావచ్చు గదా, మనకి ఈ బాధ తప్పేది, అని లోపల్లోపల. ఆ తర్వాత విసుగు బయటికొచ్చి కోపమైంది. కోపం అధికారి మీద కాదు, ఆమె మీద! లువాజో పెళ్ళాం బయటపడి చెప్పేసింది. అది ఆమె వృత్తే గదా, పట్నంలో బండి తోలేవాళ్ళని కూడా కాదనలేదు, ఇప్పుడు ఒకణ్ణి కాదనటానికి ఆమెకేం హక్కుంది అని. వాళ్ళ దృష్టిలో వేశ్యకి 'కాదు' అనే మాట లేదు. కూలిదానికి 'రాను' అనే మాట ఉండకూడదన్నట్టే.

అప్పుడు కుట్ర. ఎవరు ఏ మాట అనాలో ముందే పంచుకున్నారు. ఆ కుట్ర జరుగుతున్నప్పుడు ఎలిజబెత్ ఎక్కడుందో తెలుసా? ఊళ్ళో చర్చికి పోయింది, ఎవరి బిడ్డకో బాప్తిస్మం జరుగుతుంటే చూడటానికి. ఆమెకీ ఒక బిడ్డ ఉన్నాడు, ఎక్కడో పల్లెటూళ్ళో రైతుల ఇంట పెరుగుతున్నాడు. ఏడాదికొకసారి కూడా చూసుకోదు. ఆ బిడ్డ గుర్తొచ్చి ప్రార్థన చేసుకుంటోంది. ఇక్కడ వీళ్ళు ఆమె శరీరానికి బేరం కుదురుస్తున్నారు.

భోజనం దగ్గర మొదలుపెట్టారు. పాత చరిత్రల్లో శత్రు సేనాపతుల్ని ఒళ్ళప్పగించి మట్టుపెట్టిన స్త్రీల కథలు చెప్పారు. త్యాగం, త్యాగం, త్యాగం. దొరసాని అతి తెలివిగా ముసలి సన్యాసినిని అడిగింది, ఉద్దేశం మంచిదైతే పాపపు పనిని కూడా దేవుడు క్షమిస్తాడు గదా అని. సన్యాసిని ఇంకా నాలుగాకులు ఎక్కువే చదివింది. అబ్రహాము కొడుకుని బలి ఇవ్వబోలేదా, పైనుంచి ఆజ్ఞ వస్తే నేనైతే తల్లినీ తండ్రినీ కూడా చంపుతానంది. పైగా తాము మసూచికం సోకిన సిపాయిలకి సేవ చెయ్యటానికి పోతున్నామనీ, ఇక్కడ ఆలస్యమైతే వాళ్ళు చచ్చిపోతారనీ. అంటే ఆ చావులు కూడా ఎలిజబెత్ నెత్తినే! మా చర్చి గోడ మీదే సన్యాసినుల బాగోతం చూపిస్తావా అని ఒక పెద్దాయన నా మీద గొణిగాడు. అయ్యా, నేను ప్రభువుని ఏమీ అనలేదు. ఎవరి నోట్లో వాక్యం ఎవరి పనికొస్తోందో చూడమన్నాను. మనకి వ్యతిరేకంగా స్మృతులు చదివిన నోళ్ళని తిట్టటం మనకి అలవాటే, మన సొంత గ్రంథం చదివే నోళ్ళని కూడా చూడటం అలవాటు చేసుకోవాలి.

ఆఖరికి జమీందారు ఆమెని పక్కకి పిలిచి, చెయ్యి పట్టుకుని, "నా తల్లీ, నా బిడ్డా" అని నువ్వు-నువ్వు అంటూ, తండ్రిలాగా బుజ్జగించాడు. ఆ రాత్రి ఆమె కిందికి దిగిరాలేదు. ఒప్పుకుందని తెలియగానే లువాజో షాంపేను సీసాలు తెప్పించాడు. తాగారు, నవ్వుకున్నారు, బూతు హాస్యాలాడుకున్నారు. పతివ్రతలు కూడా.

మర్నాడు బండి సిద్ధం. ఎలిజబెత్ చివరికి వచ్చింది. పలకరించబోతే మొహాలు తిప్పుకున్నారు. ఏదో రోగం పట్టుకొచ్చినట్టు దూరం జరిగారు. దేవుడి దయవల్ల దాని పక్కన నేను కూర్చోలేదు అంది లువాజో పెళ్ళాం మొగుడితో. మన భాషలో సామెత ఉంది: ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. కానీ ఇక్కడ సామెత కూడా చాలదు. మల్లన్నని ఎవరూ అంటరానివాణ్ణి చెయ్యలేదు.

కాసేపటికి ఆకలి. ఈసారి అందరి దగ్గరా మూటలున్నాయి. లువాజో పెళ్ళాం దూడమాంసం ముక్కలు కోసింది. జమీందారు, షావుకారు జంటలు కలిసి కుందేలు మాంసం విప్పుకున్నారు. సన్యాసినులు వెల్లుల్లి వాసన కొట్టే మాంసం తీశారు. ఎలిజబెత్ దగ్గర ఏమీ లేదు. అంత హడావిడిలో, అంత అవమానంలో ఎవరు సద్ది కట్టుకుంటారు? ఆమెని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "తింటావా" అని అడగలేదు. కన్నీళ్ళు కారుతున్నాయి. సిగ్గుతో ఏడుస్తోంది అని లువాజో పెళ్ళాం తేల్చేసింది. లువాజో మాత్రం పూటకూళ్ళ ఇంట్లోంచి కొట్టేసుకొచ్చిన జిడ్డు పేకముక్కలు తీసి పెళ్ళాంతో ఆట మొదలుపెట్టాడు. దొంగ వాడు, పతిత ఆమె!

ఇక కోర్నుదే సంగతి. మన మీటింగులకి వచ్చి ముందు వరుసలో కూర్చునే రకం ఇతను. గడ్డం, విప్లవం, నోటి నిండా రిపబ్లిక్. తండ్రి ఆస్తి తాగేశాడు. శత్రువు వస్తున్నాడంటే ఊరి చుట్టూ గోతులు తవ్వించి, చెట్లు కొట్టించి, శత్రువు కనపడగానే తనే తప్పుకున్నాడు. మన గురజాడ 'కన్యాశుల్కం' 1892లో ఆడించాడు, అందులో గిరీశాన్ని పట్టుకెళ్ళి ఆ బండి ఎక్కిస్తే ఈ ఇద్దరూ బావా బావా అనుకుని ఉండేవాళ్ళు. పూటకూళ్ళ ఇంట్లో మొదటి రాత్రి వరండాలో ఎలిజబెత్‌ని తన గదిలోకి రమ్మని బతిమాలింది ఇతనే. శత్రువు ఇదే ఇంట్లో ఉండగానా, సిగ్గులేదా అని ఆమె తిప్పికొట్టింది. దేశభక్తి పాఠం వేశ్య చెప్తే ప్రజాస్వామ్యవాది విన్నాడు.

కుట్ర నడిచినన్నాళ్ళూ కోర్నుదే నోరు విప్పలేదు. పని అయిపోయాక, షాంపేను మధ్యలో, మీరు చేసింది నీచం అని ఒక్క మాట అని తలుపు వేసుకుని పోయాడు. భలే! ఆ మాట ఒక రోజు ముందు అని ఉంటే? పోనీ, మర్నాడు బండిలోనైనా? కోటు జేబులోంచి ఉడకబెట్టిన నాలుగు కోడిగుడ్లు తీశాడు, ఇంకో జేబులోంచి రొట్టె. నాలుగూ తనే తిన్నాడు. పచ్చసొన గడ్డంలో పడింది. తిన్నాక కాళ్ళు బారజాపి, విప్లవగీతం మార్సెయేజ్ ఈల వెయ్యటం మొదలుపెట్టాడు, ఆ డబ్బున్నవాళ్ళని ఏడిపించటానికి. దారి పొడుగునా అదే ఈల. చీకట్లో ఆ పాట మధ్య ఆమె వెక్కిళ్ళు. 

నాలుగు గుడ్లలో ఒక్క గుడ్డు. అంతే అడుగుతున్నాను. విప్లవం అక్కర్లేదు, రిపబ్లిక్ అక్కర్లేదు. నిన్నగాక మొన్న ఆమె కోడి తిన్న చెయ్యి, ఒక గుడ్డు ఇవ్వలేకపోయింది. జమీందారు మీద నాకు కోపం తక్కువ, వాడు జమీందారు. పాట వచ్చి గుడ్డు పెట్టని వాడి మీదే కోపం.

కథలో ఒక చిన్న ముక్క ఉంది, చాలామంది దాటేసిపోతారు. బండి ఆగిపోయిన రోజుల్లో ఈ పెద్దలు ఊళ్ళో తిరుగుతుంటే ప్రష్యా సిపాయిలు కనపడతారు. ఒకడు ఆలుగడ్డలు చెక్కు తీస్తున్నాడు, ఒకడు ఏడ్చే పిల్లాణ్ణి ఆడిస్తున్నాడు, ఒకడు ముసలమ్మ బట్టలు ఉతుకుతున్నాడు. ఇదేమిటని అడిగితే చర్చి నౌకరు చెప్తాడు, వీళ్ళూ మనలాంటి బీదవాళ్ళే, పెళ్ళాం పిల్లల్ని వదిలి వచ్చారు, యుద్ధాలు చేసేది పెద్దవాళ్ళు అని. అది విని కోర్నుదేకి కోపమొచ్చింది! శత్రువుతో ఈ పొత్తేమిటని. బీదవాళ్ళు తమంతట తాము కలిస్తే ఆయనకి నచ్చదు, ఆయన కలిపితేనే కలవాలి.

ఇక ఈ బొమ్మ తీసిన దేశం గురించి కూడా ఒక మాట అనకపోతే నేనూ కోర్నుదేనే అవుతాను. ఒకప్పుడు మన ఊళ్ళకి రష్యా పుస్తకాలు చవగ్గా వచ్చేవి, విశాలాంధ్ర వ్యానుల్లో. వాటితోనే నేను చదవటం నేర్చుకున్నాను, ఆ రుణం ఉంది. కానీ 1934లో ఫ్రాన్సు ధనవంతుల తిండి స్వార్థాన్ని తెర మీద ఎండగట్టిన ఆ రాజ్యంలోనే, 1932-33లో ఉక్రెయిన్‌లో, ఇతర ప్రాంతాల్లో లక్షలాది రైతులు ఆకలితో చచ్చిపోయారు. ధాన్యం పైదేశాలకి ఎగుమతి అవుతూనే ఉంది. ఆ బండి గురించి సినిమా తీయటానికి వీల్లేదు. పక్కవాడి బండిలో ఆకలి కనపడినంత తేలిగ్గా మన బండిలోది కనపడదు. అందువల్ల రోమ్ బొమ్మ చెడ్డదైపోదు. ఆయనే 1965లో 'మామూలు ఫాసిజం' అనే డాక్యుమెంటరీ తీశాడు, జర్మనీలో సాదాసీదా జనం హిట్లర్‌కి ఎలా చేతులెత్తారో చూపించాడు. ఈ మూగ బొమ్మకి కూడా 1955లో గొంతూ సంగీతమూ జతచేసి మళ్ళీ విడుదల చేశారు. నా మటుకు మూగదే మేలు.

ఇప్పుడు ఆ 'త్యాగం' దగ్గరికి వస్తాను. త్యాగమంటే ఎవరి సొత్తుని వాళ్ళు వదులుకోవటం. తొమ్మిదిమంది కలిసి పదో మనిషి సొత్తుని వదిలిపెట్టించటం త్యాగం కాదు. ఆ బండిలో మిల్లు యజమాని మిల్లు వదులుకోలేదు. జమీందారు భూమి వదులుకోలేదు. తన పెళ్ళాన్ని పంపుతానని ఎవరూ అనలేదు. ఎప్పుడూ అడుగున ఉన్నదాన్నే అడిగారు, ఎందుకంటే ఆమెది పోయినా పోయినట్టు లెక్క కాదని వాళ్ళ నమ్మకం. మన కార్యకర్త తమ్ముడూ, నువ్వు చప్పట్లు కొట్టించింది దీనికి.

ఎదుటివాళ్ళని అనేసి ఊరుకోను. కొన్నేళ్ళ కిందట మా దగ్గరే ఒక పిల్లని పొలం గట్టు మీద పట్టుకుని కొట్టారు, అనరాని మాటలన్నారు. కేసు పెట్టింది. మొదటి వారం పల్లె మొత్తం ఆమె వెనక. నినాదాలు, ఊరేగింపు, నేనే మైకు పట్టుకున్నాను. నెల తిరిగేసరికి ఊరు మమ్మల్ని కూలికి పిలవటం మానేసింది. అప్పుడు మొదలైంది. ముందు గొణుగుడు. తర్వాత "నీ ఒక్కదాని వల్ల నలభై ఇళ్ళ పొయ్యిలు ఆరిపోయినయ్" అనే మాట. తర్వాత పెద్దమనుషులు, బంధువులు, ఇద్దరు నాయకులు, అందరూ నెమ్మదిగా, ప్రేమగా, "అమ్మా, తల్లీ, పల్లె మేలు కోసం." ఆమె రాజీ కాగితం మీద సంతకం పెట్టింది. మర్నాటి నుంచి కూలి పిలుపులొచ్చినయ్. ఆ తర్వాత "డబ్బులు తీసుకుని మెత్తబడింది" అని ఆమె మీద పుకారు లేపింది ఎవరు? ఊరు కాదు. ఆ నలభై ఇళ్ళే. అందులో మా ఇల్లొకటి. మా ఇంట్లో ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే కూర్చుని అన్నం తింటున్నాను. ముద్ద ఆపలేదు.

ఆకలి నిజమే, ఆ నలభై ఇళ్ళూ లువాజోలు కావు, మిల్లులున్నవాళ్ళు కారు. పస్తుల ముందు ఎవరూ నీతులు చెప్పలేరు. కానీ సంతకం పెట్టించేటప్పుడు ఆమె మా కోసం పెడుతోందని మాకు తెలుసు. పెట్టాక ఆమె ఇంటికి ఎవరం పోయాం? ఆ ఏడు ఆమె కూతురి పెళ్ళికి ఎన్ని ఇళ్ళ నుంచి వెళ్ళారో నేను లెక్క రాయగలను, సిగ్గుతో రాయటం లేదు.

బొమ్మ వేసిన రాత్రి ఆమె కూడా వచ్చింది. వెనక, వేపచెట్టు కింద, మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గుడ్ల సీను దగ్గర ఎవరో "ఒకటియ్యరా ముండాకొడకా!" అని తెర మీదికి అరిస్తే అందరూ నవ్వారు. ఆమె నవ్విందో లేదో చీకట్లో కనపళ్ళేదు. కొట్లాట అయిపోయి జనం కదులుతుంటే నా దగ్గరికొచ్చి ఒక్కటే అడిగింది:

"ఆ పిల్ల బండి దిగినాక తన బిడ్డ దగ్గరికి పోయిందా అన్నా?"

కథలో అది లేదమ్మా, బండి పోతుండగానే అయిపోద్ది అన్నాను. సరేలే అని మనవణ్ణి భుజాన వేసుకుని పోయింది.

వచ్చే పక్షం పక్క పల్లెలో వేస్తున్నాం. ఈసారి ఆమెనే ముందు వరుసలో కూర్చోమని అడగటానికి మా ఆవిడా నేనూ వాళ్ళింటికి పోవాలనుకుంటున్నాం. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ గడప తొక్కటం. రానంటే రానని అననిద్దాం. మీ దగ్గర వెయ్యాలంటే తెల్ల దుప్పటీ, గోడా, గట్టిగా చదివే పిల్ల ఒకతీ ఉంటే చాలు. బొమ్మ గంటకి కాస్త ఎక్కువ, తర్వాత కొట్లాటకి మాత్రం రాత్రంతా ఉంచుకోండి.